స్లో కుక్కర్‌లో పంది పక్కటెముకలు: సోయా, బెల్లం, బొండం నీళ్లతో

కరెంటు మీద, సన్న వేడితో గంటల తరబడి ఉడికించే స్లో కుక్కర్‌లో పక్కటెముకలు వండినవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది. మాంసం ఎముక నుంచి ఊడొచ్చేంత మెత్తగా ఉడికింది, కానీ రంగు రాలేదు, పులుసు నీళ్లనీళ్లగా ఉంది, ముక్క లోపల చప్పగా ఉంది. మసాలా తక్కువైందనుకుని రెండోసారి ఇంకో నాలుగు చెంచాల సాస్ పోస్తారు. అప్పుడు ఉప్పుకషాయం అవుతుంది. తేడా మసాలాలో లేదు, నీళ్లలో ఉంది.

పొయ్యి మీద కూర ఉడుకుతుంటే ఆవిరి బయటికి పోతుంది, పులుసు దానంతట అదే దగ్గరపడుతుంది. స్లో కుక్కర్‌లో ఆ ఆవిరి మూతకి తగిలి మళ్లీ నీళ్లై గిన్నెలోకే జారుతుంది. పైగా కిలోన్నర ఎముక మాంసం ఎనిమిది గంటల్లో తన నీరు, కొవ్వు కలిపి కప్పుకి పైనే వదులుతుంది. మనం ముందే రెండు కప్పుల నీళ్లు పోసి ఉంటే ఇంక అది ఇగురు కాదు, చారు. అందుకని ఈ వంట అంతా మూడు పనుల మీద నడుస్తుంది: లోపలికి పోసే నీరు తగ్గించడం, ఉడికాక పులుసుని విడిగా పొయ్యి మీద ఇగర్చడం, ఆఖర్న ఎముకల్ని వేడి మీద కాల్చి రంగు తేవడం. కుక్కర్ మెత్తదనం మాత్రమే ఇస్తుంది. ఇగురు పెట్టడం గోదావరి జిల్లాల్లో ఎవరికీ నేర్పక్కర్లేదు గనక సగం పని మీకు వచ్చినట్టే.

రుచి విషయానికొస్తే ఇది చైనా, వియత్నాం వంటల దారి. సోయా సాస్, పటికబెల్లం, అనాసపువ్వు వేసి పంది మాంసాన్ని నెమ్మదిగా ఉడికించడం చైనా పద్ధతి. దక్షిణ వియత్నాంలో, మెకాంగ్ డెల్టా వైపు, అదే మాంసాన్ని లేత కొబ్బరి నీళ్లలో, ఫిష్ సాస్ వేసి, ఉడికించిన గుడ్లతో కలిపి వండుతారు. వాళ్ల కొత్త సంవత్సరం పండక్కి అది తప్పనిసరి. వరిచేలు, కాలవలు, కొబ్బరితోటలు ఉన్న ఇంకో డెల్టా వంట అది. బొండాలకి కొదవలేని కోనసీమలో అలా వండకపోతే లోటే.

మాంసం కొనేటప్పుడు

మన ఊళ్లలో పంది మాంసం ఎక్కువగా ఆదివారం పొద్దున్నే దొరుకుతుంది. కొట్టేవాడికి ముందే చెప్పకపోతే అలవాటు చొప్పున మొద్దు మీద పెట్టి కూర ముక్కలు కొట్టేస్తాడు. తూకం వెయ్యకముందే "డొక్క ముక్క కావాలి, ఎముకలు కొట్టొద్దు, పలకలాగే ఉంచు" అని చెప్పండి. మరీ పొడుగైతే నాలుగైదు ఎముకలకి ఒకటి చొప్పున, ఎముకకీ ఎముకకీ మధ్య కండలోంచి కోయించుకోండి. ఎముక అడ్డంగా నరికితే సన్నటి పెచ్చులు లేస్తాయి. మామూలు కూరలో అవి పంటికి తగిలి తెలుస్తాయి. గంటల తరబడి ఉడికిన మాంసంలో గమనించకుండా మింగేస్తాం.

సీమ పందీ (ఫారాల్లో పెంచే తెల్ల పంది) నాటు పందీ ఒకేలా ఉడకవు. సీమ పంది పక్కటెముకలు కండగా, లేతగా ఉంటాయి. నల్ల నాటు పందికి కొవ్వు మందం, పీచు గట్టిది, వాసన కూడా కొంచెం ఎక్కువ. కానీ రుచిలో నాటుదే పైచెయ్యి. ఏది కొన్నా తోలు తీయించండి. పైకొవ్వు అర సెంటీమీటరుకి మించి ఉంటే అదీ తీయించండి. ఈ వంటలో కొవ్వు కరిగి పోయేదారి లేదు, పులుసులోనే ఉంటుంది.

ఒక్క విషయంలో మొహమాటపడొద్దు. కండలో 5 నుంచి 10 మిల్లీమీటర్ల సైజులో, నీటితో నిండిన తెల్లటి బుడిపెలు కనిపిస్తే అది బద్దెపురుగు పట్టిన మాంసం. ఎంత చవకైనా కొనొద్దు. ఆరుబయట తిరిగి పెరిగిన పందుల్లో ఈ బెడద ఎక్కువ. కుక్కర్ వేడికి పురుగు చస్తుంది, నిజమే. కానీ పచ్చి మాంసం తాకిన కత్తి, చెక్క, చేతులు వేడెక్కవు గదా. మాంసం మంచిదైనా సరే, వాటిని వెంటనే సబ్బుతో, వేడినీళ్లతో కడగాలి.

గడ్డకట్టిన ప్యాకెట్ తెస్తే ఫ్రిజ్ కింది అరలో ఒక రోజంతా పెట్టి కరగనివ్వండి. గడ్డ మాంసం నేరుగా స్లో కుక్కర్‌లో వేస్తే లోపలి భాగం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది. సూక్ష్మజీవులు పెరిగేది అక్కడే.

కుక్కర్ సంగతి

స్లో కుక్కర్ చేసే పని దాలి మీద పాలు కాగినట్టే: మంట కనపడదు, పొంగు రాదు, వేడి మాత్రం గంటల తరబడి వదలదు. "లో" మీద పెట్టినా "హై" మీద పెట్టినా చివరికి చేరే వేడి ఇంచుమించు ఒకటే, మరిగే వేడికి కాస్త కిందన. అక్కడికి చేరడానికి పట్టే సమయంలోనే తేడా. కండని ఎముకకి పట్టి ఉంచే గట్టి పీచు దాదాపు 70 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటాక కరగడం మొదలుపెడుతుంది. 90 దరిదాపుల్లో కొన్ని గంటలుంటే జిగురుగా మారి ముక్కని మెత్తబరుస్తుంది. తొందరపెడితే కండలో నీరు పోతుంది గాని ఆ పీచు కరగదు. గట్టిగా వచ్చిన ముక్క చాలాసార్లు ఎక్కువ ఉడికింది కాదు, ఉడకాల్సింది ఉడకనిదే.

కిలోన్నర మాంసానికి నాలుగున్నర నుంచి ఆరు లీటర్ల కుక్కర్ సరిపోతుంది. గిన్నె సగానికి తగ్గకుండా, మూడొంతులు దాటకుండా నిండాలి.

అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిచ్చిన కుక్కర్ అయితే ప్లగ్గు పెట్టే ముందు అడుగున రాసింది చదవండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అడాప్టర్ ప్లగ్గు పిన్నుల్ని మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. నేరుగా పెడితే కాయిల్ మీద మూడున్నర రెట్లకు పైగా లోడు పడి మాడిపోతుంది, మంట కూడా అంటుకోవచ్చు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. 250 వాట్ల కుక్కర్‌కి 500 వాట్లది కొనండి.

ఇక్కడి కుక్కర్‌కి ఉన్న ఇబ్బంది లో వోల్టేజీ. వేసవి సాయంత్రాల్లో పల్లెల్లో 230 ఉండాల్సింది 180కి పడిపోతే కుక్కర్ వేడి ఐదో వంతు కాదు, దాదాపు నలభై శాతం తగ్గుతుంది. వోల్టేజీ తగ్గిన దానికంటే వేడి ఎక్కువ తగ్గడం కాయిల్ స్వభావం. ఫ్యాను నీరసంగా తిరుగుతుందంటే కుక్కర్ కూడా అలాగే ఉందని లెక్క. అలాంటి రోజుల్లో "లో" జోలికి పోకండి. మామూలు రోజుల్లో కూడా మొదటి గంట "హై" మీద పెట్టి ఆ తర్వాత "లో"కి తిప్పడం మంచి అలవాటు. మాంసం నాలుగు గంటల్లోపు 60 డిగ్రీలు దాటాలి, ఆ గంట దానికి భరోసా.

కరెంటు పోతే మూత తియ్యకండి. మట్టి గిన్నె మందం కాబట్టి గంటసేపు వేడి నిలుస్తుంది. అప్పటికీ రాకపోతే అంతా ప్రెషర్ కుక్కర్‌లోకి మార్చి గ్యాస్ మీద పూర్తి చెయ్యండి. మీరు ఇంట్లో లేనప్పుడు ఎంతసేపు పోయిందో తెలియకపోతే మాత్రం పారబోయడమే. మళ్లీ మరిగించినా కొన్ని సూక్ష్మజీవులు వదిలిన విషం పోదు.

ఖర్చు గురించి బెంగ అక్కర్లేదు. 250 వాట్ల కుక్కర్ ఎనిమిది గంటలు ఆగకుండా నడిచినా రెండు యూనిట్లే.

కావలసినవి

పంది పక్కటెముకలు కిలోన్నర. లైట్ సోయా సాస్ 75 మి.లీ., అంటే ఐదు టేబుల్ స్పూన్లు. డార్క్ సోయా ఒక టేబుల్ స్పూను. వెనిగర్ రెండు టేబుల్ స్పూన్లు నానబెట్టడానికి, ఒకటి ఆఖర్న. బెల్లం తురుము 30 గ్రాములు నానబెట్టడానికి, 40 గ్రాములు ఆఖర్న. అల్లం 30 గ్రాములు, వెల్లుల్లి 40 గ్రాములు. ఎండుమిరపకాయలు నాలుగు. అనాసపువ్వులు రెండు, రెండంగుళాల దాల్చినచెక్క, లవంగాలు నాలుగు, సోంపు ఒక టీస్పూను, మిరియాలు ఒక టీస్పూను. బొండం ఒకటి, సుమారు 300 మి.లీ. నీళ్లున్నది. నువ్వులు రెండు టేబుల్ స్పూన్లు. చెరుకు ముక్కలు నాలుగైదు, దొరికితే.

ఉప్పు లేదేమిటని చూడకండి. పైన చెప్పిన సోయా సాస్‌లో దాదాపు మూడు టీస్పూన్ల ఉప్పు ఉంది. కిలోన్నర ఎముక మాంసానికి అది చాలు. పులుసు ఇగిరాక ఇంకా చిక్కనవుతుంది. ఉప్పు డబ్బా తియ్యనే తియ్యొద్దు. లైట్, డార్క్ రెండు సీసాలూ ఎందుకంటే మొదటిది ఉప్పు, రుచి ఇస్తుంది, రెండోది రంగు. డార్క్ ఒక్కటే ఉందని ఆరు చెంచాలూ అదే పోస్తే నల్లగా, చేదు తగులుతూ వస్తుంది.

బెల్లం బదులు తాటిబెల్లం వేస్తే రుచి లోతుగా ఉంటుంది. పటికబెల్లం వేస్తే మెరుపు బాగా వస్తుంది. తేనె నానబెట్టే దాంట్లో దండగ, గంటల వేడికి దాని వాసన నిలవదు. కావాలంటే ఆఖర్న పూతలో ఒక చెంచా వేసుకోండి.

చైనా వంటల్లో వాడే నువ్వులనూనె వేయించిన నువ్వులతో తీసింది. మన పప్పునూనె పచ్చి నువ్వులది, ఆ వాసన రాదు. నువ్వుల్ని సన్న మంట మీద ఎర్రగా వేయించి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి ఆఖర్న చల్లితే సీసా కొనే పని లేదు.

నానబెట్టడం

ముందు ఎముకల లోపలి వైపు, వంపు తిరిగిన చోట, పల్చటి తెల్లటి పొర ఉంటుంది. ఒక చివర చెంచా కాడ దూర్చి లేపి, పొడిగుడ్డతో పట్టుకుని లాగితే ఒక్క ఊపులో వస్తుంది. చాలామంది వదిలేసేది ఇదే. ఎన్ని గంటలైనా అది కరగదు. మసాలాని లోపలికి పోనివ్వదు, తినేటప్పుడు తోలులా సాగుతుంది.

మాంసం వాసన ఎక్కువగా ఉంటే, ముఖ్యంగా నాటు పందికి, చన్నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టి, మరుగు వచ్చాక నాలుగు నిమిషాలుంచి, తేలిన తెట్టు పారబోసి కడగండి. చైనా ఇళ్లలో చేసేది కూడా ఇదే. మరిగే నీళ్లలో వెయ్యకూడదు, పైపొర బిగుసుకుని లోపలి రక్తం బయటికి రాదు. తర్వాత గుడ్డతో తడి పూర్తిగా అద్దెయ్యండి. తడి మాంసానికి మసాలా పట్టదు.

అనాసపువ్వు, చెక్క, లవంగం, సోంపు, మిరియాలు, ఎండుమిర్చి వేడి మూకుట్లో నిమిషం వేయించి పొడి కొట్టండి. లవంగం నాలుగు దాటొద్దు. మూత కింద ఎనిమిది గంటలుంటే దాని ఘాటు చేదుగా మారుతుంది. అల్లం, వెల్లుల్లి మెత్తగా నూరి, ఈ పొడి, రెండు సోయాలు, 30 గ్రాముల బెల్లం, వెనిగర్ కలిపి ఎముకలకి రెండు వైపులా రుద్దండి. వెనిగర్ తగిలి వెల్లుల్లి నీలంగానో పచ్చగానో మారొచ్చు, దానివల్ల ఏ హానీ లేదు. స్టీలు డబ్బాలోనో గాజు గిన్నెలోనో పెట్టి మూత వెయ్యండి. అల్యూమినియం వద్దు, పులుపుకి లోహం రుచి దిగుతుంది.

ఫ్రిజ్‌లో ఎనిమిది గంటలు కనీసం, ఇరవై నాలుగు గరిష్ఠం. అల్లానికి మాంసాన్ని మెత్తబరిచే గుణం ఉంది, అంతకు మించి ఉంచితే పైపొర పిండిలా అవుతుంది. వంటగట్టు మీద మాత్రం అరగంట కూడా వద్దు. మన ఉక్కపోతకి మాంసం ఎంత వేగంగా చెడుతుందో చెప్పక్కర్లేదు. మటన్‌కి వేసినట్టు పచ్చి బొప్పాయి ముక్క కూడా వెయ్యకండి. దాని పాల ప్రభావం 50 నుంచి 70 డిగ్రీల మధ్య మరీ జోరుగా ఉంటుంది. స్లో కుక్కర్ ఆ మధ్య వేడిని దాటడానికే గంటలు తీసుకుంటుంది. తెల్లారేసరికి ఎముకలూ ముద్దా మిగులుతాయి. పచ్చి అనాసపండుతోనూ ఇదే గొడవ.

ఉడికించడం

బొండం నీళ్లు విడిగా గిన్నెలో పోసి 100 మి.లీ.కి వచ్చేదాకా మరిగించండి. నీరు తగ్గి తీపి నిలుస్తుంది. కుక్కర్‌లోకి పోసే ద్రవం ఇది తప్ప ఇంకేమీ లేదు. ముదురు కాయ నీళ్లు కాకుండా లేత బొండమే తీసుకోండి. ముదురు నీళ్లు మరిగితే వగరు దిగుతుంది.

చెక్కు తీసిన చెరుకు ముక్కల్ని నాలుగంగుళాల పొడవున చీల్చి గిన్నె అడుగున పరవండి. మాంసం కొవ్వులో మునిగి ఉండకుండా ఎత్తి పడతాయి, కొంత తీపీ దిగుతుంది. సంక్రాంతి రోజుల్లో ఇది సులువు. చెరుకు లేకపోతే మందంగా కోసిన అల్లం చక్రాలు చాలు. ఉల్లిపాయలు వెయ్యొద్దు, నీరు వదులుతాయి. ఎముకల పలకల్ని గిన్నె గోడకి ఆనించి నిలబెట్టండి, కండ వైపు గోడకి ఉండాలి, వేడి వచ్చేది అటు నుంచే. నానబెట్టిన రసం, వేడి బొండం నీళ్లు పైన పొయ్యండి. ఎముకలు మునగవు. మునగక్కర్లేదు కూడా, మూత కింద ఆవిరి చాలు.

ఫ్రిజ్‌లోంచి తీసిన మట్టి గిన్నెని నేరుగా వేడి దిమ్మ మీద పెడితే పగులుతుంది. అందుకే నానబెట్టడం వేరే గిన్నెలో అన్నాం.

మొదటి గంట "హై", ఆ తర్వాత "లో" మీద సీమ పందికి ఆరేడు గంటలు, నాటు పందికి ఎనిమిది తొమ్మిది. మొత్తం "హై" మీదే అయితే నాలుగు నుంచి ఐదున్నర. మూత తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. "లో" మీద అయితే ఆరో గంట దాకా చూడనే వద్దు. గుడ్లు వేసుకునేవాళ్లు ఉడికించి పెంకు తీసిన వాటిని ఆఖరి గంటలో పులుసులోకి జార్చండి.

ఉడికిందీ లేనిదీ తెలియడానికి ఎముక చివర చూడండి. కండ ఒక సెంటీమీటరు వెనక్కి జరిగి ఎముక బయటపడాలి. ఎముకని పట్టి మెలిపెడితే కదలాలి, కానీ ఊడి రాకూడదు. ఊడొచ్చిందంటే కాల్చడానికి పనికిరాదు, అలాగే చిదిమి అన్నంలోకి తినెయ్యడమే.

ఇగర్చడం, కాల్చడం

కుక్కర్ ఆపి పావుగంట వదిలెయ్యండి. వేడి మీద ఎత్తితే పలక విరుగుతుంది. రెండు వెడల్పాటి గరిటెలతో అడుగు నుంచి ఎత్తి పళ్లెంలో పెట్టండి. పులుసుని సన్న జల్లెడలో వడకట్టండి, ఎముక పెచ్చులు ఏమన్నా ఉంటే ఆగిపోతాయి. పైకి తేలిన కొవ్వుని గరిటెతో తీసెయ్యండి. కొవ్వు తియ్యకుండా ఇగర్చితే పూత ఎముకలకి అంటదు, జారిపోతుంది.

ఇప్పుడు రుచి చూడాలి. ఇగర్చకముందే ఉప్పు సరిపోయిందనిపిస్తే మూడో వంతు పులుసు పక్కకి తీసెయ్యండి, లేకపోతే చివర్లో నాలిక మీద పెట్టలేరు. మిగతాది వెడల్పాటి మూకుట్లో పెద్ద మంట మీద పెట్టి, 40 గ్రాముల బెల్లం వేసి మరిగించండి. ముప్పావు కప్పుకి రావాలి, పన్నెండు పదిహేను నిమిషాలు పడుతుంది. బుడగలు మొదట్లో చిన్నవిగా, నురగగా ఉంటాయి. పెద్దవై, నెమ్మదిగా పగులుతుంటే మంట తగ్గించండి, ఆ తర్వాత మాడడానికి నిమిషం చాలు. గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలవాలి. దించాక ఒక చెంచా వెనిగర్ కలపండి. ముందు పోసిన పులుపు ఉడుకులో మెత్తబడిపోయి ఉంటుంది, ఈ చెంచాతోనే తీపి, కొవ్వు రెండూ నోటికి తేలికవుతాయి. కార్న్‌ఫ్లోర్ కలిపి చిక్కన చెయ్యడం దగ్గరిదారే, కానీ చిక్కదనం వస్తుంది గాని రుచి చిక్కబడదు.

ఆ పూతని ఎముకలకి రెండు వైపులా రాసి ఓటీజీలో 220 డిగ్రీల మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు, మధ్యలో ఒకసారి మళ్లీ పూసి కాల్చండి. ఓవెన్ లేకపోతే ఇనుప దోసెపెనం మీద వైపుకి రెండు నిమిషాలు. అన్నిటికన్నా బొగ్గుల కుంపటి మీద కాల్చింది బావుంటుంది. మంట పూర్తిగా చచ్చి, బొగ్గుల మీద తెల్ల బూడిద పట్టాక పెట్టండి. మంట ఉండగా పెడితే బెల్లం నల్లగా మాడి చేదెక్కుతుంది. అంచులు అక్కడక్కడా నల్లబడి, మిగతా అంతా ఎర్రగా మెరవాలి. దించి నువ్వుల పొడి చల్లండి.

ఎక్కువమందికి పెట్టాలంటే ఉడికించడం, కాల్చడం ఒకే రోజు పెట్టుకోవద్దు. క్రిస్మస్ భోజనానికైతే 23న నానబెట్టి, 24న ఉడికించి, పులుసు వేరుగా ఎముకలు వేరుగా ఫ్రిజ్‌లో పెట్టండి. 25 పొద్దున్నకి కొవ్వు గడ్డకట్టి పెచ్చులా లేచొస్తుంది. చల్లటి ఎముకల్ని కత్తితో విడివిడిగా కోసినా ఒక్క ముక్క చెదరదు. కాల్చేటప్పుడు మాత్రం పదిహేను నిమిషాలు ఇవ్వండి, లోపలిదాకా వేడెక్కాలి.

వేడన్నంలోకి ఇవి బాగుంటాయి, పక్కన వెనిగర్‌లో నానిన కీరా, ఉల్లిపాయ ముక్కలుంటే చాలు. మిగిలిన పూతని మర్నాడు దిబ్బరొట్టెతో తినండి. మినప్పిండి కరకర, ఈ తీపి ఉప్పు కలిస్తే చట్నీ గుర్తురాదు. మాంసం మిగిలితే ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలవ ఉంటుంది. వేడి చెయ్యడం పొయ్యి మీదే, పొగలు కక్కేదాకా. స్లో కుక్కర్‌లో గాని, రైస్ కుక్కర్ "వార్మ్" మీద గాని పెట్టొద్దు, చల్లటి మాంసాన్ని అవి వేడెక్కించేసరికి చాలా ఆలస్యమవుతుంది. తీసిన కొవ్వు పారెయ్యకండి. సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచి, గుడ్డు అన్నం వేయించేటప్పుడు నూనె బదులు ఒక చెంచా వేస్తే అనాసపువ్వు వాసనతో సహా వస్తుంది.